క్లే ఎగిరింది సరే, పెల్లెట్లు ఎటు పోయాయి? – షాట్‌గన్ షూటింగ్‌పై మీ ప్రశ్నలకి జవాబులు

క్లే అంటే గాల్లోకి విసిరే చిన్న పళ్ళెం లాంటి టార్గెట్, పెల్లెట్లంటే దాని మీదకి గుంపుగా కాల్చే సన్న గుండ్లు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం "తగలట్లేదు" అనే గోల, మిగతా సగం ఏ గన్ కొనాలి, బ్యారెల్ చివర ఏ చోక్ పెట్టాలి అని. తగలకపోవడం గురించి ఎక్కువ రాశా, కొనడం గురించి తక్కువ. షాపువాళ్ళు ఏమైనా అనుకోనీండి.

ప్రశ్న: సార్, నాకు ఎదురుగా నేరుగా దూరం పోయే క్లే బాగానే పగుల్తుంది. ఎడమ నుంచి కుడికి అడ్డంగా పోయేది మాత్రం అస్సలు దొరకదు. బీడ్‌ని (బ్యారెల్ చివర గురి కోసం ఉండే చిన్న పూస) క్లే ముందు పెట్టి, గ్యాప్ సరిగ్గా ఉందో లేదో చూసుకుని మరీ ట్రిగ్గర్ లాగుతున్నా. కార్ట్రిడ్జ్ స్లో ఏమో అని ఫాస్ట్ లోడ్ కూడా వాడి చూశా, లాభం లేదు. గన్ మార్చమంటారా?

జవాబు: ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, పాపం గన్‌ని ఎందుకు అంటారు? జవాబు మీ ఉత్తరంలోనే ఉంది, "గ్యాప్ చూసుకుని మరీ" అన్నారు చూడండి, అక్కడ. గ్యాప్ కొలవాలంటే కన్ను క్లే మీంచి బీడ్ మీదకి రావాలి, కన్ను బీడ్ మీదకి వచ్చిందంటే చెయ్యి ఆగిపోతుంది, ఆగినట్టు మీకు తెలీను కూడా తెలీదు, సరిగ్గా అప్పుడే ట్రిగ్గర్ లాగుతారు, ఈలోపు క్లే దాని దారిన అది పోతుంది, పెల్లెట్లు దాని వెనకాల ఖాళీ గాల్లోంచి పోతాయి. అడ్డంగా పోయే వాటిలో మిస్సులన్నీ దాదాపు వెనక మిస్సులే.

లెక్క చూద్దాం. 20 మీటర్ల దూరంలో క్లే గంటకి 80 కిలోమీటర్ల స్పీడుతో అడ్డంగా పోతోంది అనుకోండి, అంటే సెకనుకి 22 మీటర్లు. పెల్లెట్లు బ్యారెల్ దాటేటప్పుడు సెకనుకి 400 మీటర్ల దగ్గర ఉన్నా గాలికి త్వరగా నెమ్మదిస్తాయి, 20 మీటర్లు వెళ్ళడానికి సుమారు 0.06 సెకను పడుతుంది. ఆ టైంలో క్లే 1.3 మీటర్లు జరిగిపోతుంది, అంటే నాలుగడుగుల పైమాటే. ఇక ఫాస్ట్ లోడ్ సంగతి, దాంతో మిగిలేది సెకనులో వెయ్యో వంతులు మూడో నాలుగో, క్లే దగ్గర అది జానెడు కూడా కాదు. మీరేమో వెనక అడుగులకి అడుగులు మిస్సవుతున్నారు. కాబట్టి ఆ ఖర్చు వేస్టు, పైగా భుజానికి దెబ్బ ఎక్కువ.

మరి నాలుగడుగులు కొలవకుండా ఎలా అంటే, క్లేని ఎక్కడ పగలగొట్టాలనుకుంటున్నారో ఆ చోటు ముందే ఖాయం చేసుకోండి. పాదాలు ఆ చోటుకి తగ్గట్టు పెట్టండి, క్లే బయటికొచ్చే వైపుకి కాదు. తర్వాత నడుము తిప్పి గన్‌ని మెషిన్ వైపుకి సగం దూరం వెనక్కి తీసుకురండి, కళ్ళు మాత్రం ఇంకా వెనక్కి, క్లే మొదట స్పష్టంగా కనిపించే చోటుకి. ఇప్పుడు క్లే విసరమని "పుల్" అనండి. ఇక్కడ్నుంచి మీ పని ఒకటే, క్లే ముందంచు మీదనుంచి చూపు తీయకపోవడం. ఆ అంచు మీద గుండ్రంగా గీతలుంటాయి కదా, ఆ గీతలు చూడటానికి ట్రై చేయండి. కనిపిస్తాయా లేదా అన్నది పక్కనపెట్టండి, చూడటానికి ట్రై చేసినప్పుడు కన్ను బీడ్ వైపు తిరగదు. బ్యారెల్ చూపులో ఒక మసక మచ్చగా ఉంటే చాలు.

స్వింగ్ త్రూ అనే పద్ధతిలో గన్ క్లే వెనక నుంచి బయల్దేరి, దాన్ని దాటుకుంటూ పోయి, దాటాక ట్రిగ్గర్, గోడకి సున్నం కొట్టేవాడు కుంచెని ఎక్కడా ఆపకుండా ఒక్క లాగుడు లాగినట్టు. ఇంకొకటి మొదట్నుంచీ క్లే ముందే ఉంటూ దాంతో పాటే కదిలే పద్ధతి, మెయింటెయిన్డ్ లీడ్ అంటారు, స్కీట్ అనే పోటీ ఆడేవాళ్ళకి ఇది బాగా అలవాటు. రెండూ పనిచేస్తాయి. ఒక క్లేకి అది, ఇంకో క్లేకి ఇది అని కలిపితే మాత్రం ఏదీ పనిచేయదు. ట్రిగ్గర్ లాగాక కూడా గన్ కదులుతూనే ఉండాలి, ఇది అందరికీ తెలుసు, చేసేవాళ్ళు తక్కువ.

ఇంకా నమ్మకం లేకపోతే కాస్త అనుభవం ఉన్న వాళ్ళని మీ భుజం వెనక, బ్యారెల్ లైన్లో చూసేలా నిలబెట్టండి. వెలుతురు బాగుంటే పెల్లెట్ల గుంపు గాల్లో బూడిద రంగు చారలా కంటికి దొరుకుతుంది, వెనకా ముందా వాళ్ళే చెప్తారు.

ప్రశ్న: నాది కుడి చేతివాటం, కుడి భుజం మీదే షూట్ చేస్తా. కోచ్ చూసి నాది ఎడమ కన్ను డామినెంట్ అన్నారు. ఒక కన్ను మూసుకోమని ఫ్రెండ్, భుజం మార్చమని కోచ్. ఎవరి మాట వినాలి?

జవాబు: డామినెంట్ అంటే గురి చూసేటప్పుడు మెదడు ఎక్కువగా ఆధారపడే కన్ను. ముందు మీరే ఓసారి చెక్ చేసుకోండి. రెండు చేతులూ ముందుకి చాపి, అరచేతుల మధ్య చిన్న కంత ఉండేలా కలపండి, రెండు కళ్ళూ తెరిచి ఆ కంతలోంచి దూరంగా ఒక వస్తువుని చూడండి. చూపు దాని మీదే ఉంచి చేతులు మెల్లగా మొహం దగ్గరికి తెచ్చుకోండి. కంత ఏ కంటి దగ్గరికి వస్తే అది మీ డామినెంట్ కన్ను.

ఎడమే అని తేలితే, మీరు మొదలుపెట్టి ఎన్నాళ్ళయింది అన్నదాన్ని బట్టి జవాబు ఉంటుంది. కొత్త అయితే కోచ్ మాట వినండి, ఎడమ భుజానికి మారిపోండి, మొదట్లో చొక్కా గుండీలు ఎడమ చేత్తో పెట్టుకున్నంత ఇబ్బందిగా ఉన్నా చేతులకి అలవాటవుతుంది. కన్నుకి అలా నేర్పడం కష్టం. ఏళ్ళ తరబడి కుడి భుజం మీదే చేస్తుంటే మార్చడం మహా విసుగు, అప్పుడు టేపు వాడండి. షూటింగ్ గ్లాసెస్ ఎడమ అద్దం మీద బొటనవేలి గోరంత పారదర్శకం కాని మసక టేపు ముక్క అతికించాలి. గన్ భుజానికి ఎత్తి చెంప ఆనించినప్పుడు ఎడమ కంటికి బీడ్ కనిపించకుండా ఆ ముక్క సరిగ్గా అడ్డం రావాలి, ఎవరైనా ఎదురుగా నిలబడి చూసి పెడితే కుదుర్తుంది (గన్ ఖాళీగా ఉందని ఇద్దరూ చూసుకున్నాకే, ఇందులో మొహమాటాల్లేవు). మిగతా టైంలో రెండు కళ్ళూ మామూలుగా చూస్తాయి, క్లే ఎంత దూరంలో ఉందో, ఎంత స్పీడో అంచనా పోదు.

ఒక కన్ను పూర్తిగా మూసేయడం చివరి దారి. పనిచేయదని కాదు, అలా చేస్తూ బాగా కొట్టేవాళ్ళూ ఉన్నారు. కానీ క్లే ఆలస్యంగా కనిపిస్తుంది. ఇంకో విషయం, బాగా అలసిపోయినప్పుడు, వయసు మీద పడ్డప్పుడు కన్ను డామినెన్స్ మారొచ్చు, ఉన్నట్టుండి స్కోరు పడిపోతే గన్‌ని అనుమానించే ముందు ఆ అరచేతుల టెస్ట్ మళ్ళీ చేసుకోండి.

ప్రశ్న: నమస్తే అండి. మా అమ్మాయికి పదిహేనేళ్ళు, క్లబ్బులో నేర్చుకుంటోంది. ఇంటికొచ్చాక చూస్తే కుడి జబ్బ మీద నల్లగా కమిలిపోయి ఉంది. షాట్‌గన్ అంటే ఇంతేనంటున్నారు. తేలిక గన్ కొనిద్దామా?

జవాబు: ఇంతే కాదమ్మా. కమిలింది జబ్బ మీద అన్నారు, అంటే స్టాక్, అదే గన్ వెనక భుజానికి ఆనే భాగం, ఉండాల్సిన చోట లేదు. అది భుజం గుంటలో, కాలర్ బోన్ కింద మెత్తటి చోట కూర్చోవాలి. జబ్బ మీదకి జారుతోందంటే చాలాసార్లు స్టాక్ పొడుగెక్కువై ఉంటుంది, పెద్దవాళ్ళ కొలతతో చేసిన గన్ పిల్లకి ఇచ్చేస్తారు కదా, పాప మెడ సాచి, చెయ్యి సాచి ఎలాగో సర్దుకుంటుంది. స్టాక్ పొడుగు తగ్గించవచ్చు, చెంప ఆనే చోటు ఎత్తు సరిచేయవచ్చు, తెలిసిన గన్‌స్మిత్‌కి అది పెద్ద పని కాదు. తర్వాత ఎత్తే పద్ధతి, గన్ ముందు చెంప దగ్గరికి రావాలి, దాంతోపాటు భుజంలోకి. తలే గన్ మీదకి వంగితే, లేదా చివర్లో తల కాస్త లేస్తే, స్టాక్ ఎగిరి చెంప మీద కొడుతుంది.

తేలిక గన్ మాత్రం వద్దు. అదే కార్ట్రిడ్జ్ తేలిక గన్‌లో ఇంకా గట్టిగా తంతుంది, బరువు గన్ ఆ తన్నుని కొంత మింగుతుంది. పాప మోయలేనంత బరువూ వద్దు. తేలిక కావాల్సింది కార్ట్రిడ్జ్. క్లబ్బుల్లో మామూలుగా వాడేది 28 గ్రాముల సీసం, ఒలింపిక్ పోటీల్లో వాళ్ళు వాడేదే 24 గ్రాములు, 21 గ్రాములవీ దొరుకుతాయి. నేర్చుకునే రోజుల్లో 21 చాలు. గ్యాస్‌తో పనిచేసే సెమీ ఆటోమేటిక్ అయితే తన్ను ఇంకా మెత్తగా ఉంటుంది.

దీన్ని ఇప్పుడే సరిచేయాలి అని ఎందుకంటున్నానంటే, నొప్పికి భయపడ్డ వేలు తర్వాత మాట వినదు. పుల్ అంటారు, క్లే వస్తుంది, గన్ దానితో పాటే వెళ్తుంది, వేలు మాత్రం బిగుసుకుపోతుంది, లేదంటే పేలకముందే ఒళ్ళంతా ఉలిక్కిపడుతుంది. ఫ్లించ్ అంటారు, పెద్ద పెద్ద షూటర్లకి కూడా వస్తుంది, వచ్చిందంటే వదిలించుకోవడానికి తల ప్రాణం తోకకొస్తుంది. చెవుల సంగతి కూడా చూడండి, షాట్‌గన్ మోత 150 డెసిబెల్స్ దాటుతుంది, చెవిలో ప్లగ్, పైన మఫ్ రెండూ పెట్టించండి. ఉలికిపాటులో సగం శబ్దం వల్లే.

ప్రశ్న: మొన్న నా స్క్వాడ్‌లో ఒకతనికి "ఠాప్" మనకుండా "తుస్స్" మంది. అతను ఏం పట్టించుకోకుండా రెండో బ్యారెల్ కూడా కాల్చేశాడు. ఏం కాలేదు. అయినా రేంజ్ ఆఫీసర్ అందరి ముందూ తిట్టాడు. అంత అవసరమా?

జవాబు: చాలా అవసరం, నేనైతే ఇంకా గట్టిగా తిట్టేవాణ్ణి. తుస్స్ మందంటే కార్ట్రిడ్జ్‌లోని తుపాకి మందు సరిగా కాలలేదు. పెల్లెట్లని మోసుకుపోయే వ్యాడ్ అని ప్లాస్టిక్ కప్పు ఒకటి ఉంటుంది, అది బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. దాని వెనకాల ఇంకో కార్ట్రిడ్జ్ పెట్టి కాలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది లేదా చీలుతుంది. మీ వాడిది రెండు బ్యారెళ్ళ గన్, రెండోది వేరే గొట్టం కాబట్టి బతికిపోయాడు, సింగిల్ బ్యారెల్ సెమీ ఆటో అయ్యుంటే కథ వేరు.

తుస్స్ అన్నా, అసలు పేలకపోయినా చేయాల్సింది ఇది: వేలు ట్రిగ్గర్ మీంచి తీసేయండి, గన్ రేంజ్ వైపే ఉంచి ఓ అర నిమిషం కదలకుండా ఆగండి, మందు ఆలస్యంగా అంటుకునే అవకాశం ఉంటుంది కాబట్టి. ఆ తర్వాత తెరిచి, కార్ట్రిడ్జ్‌లన్నీ తీసేసి, వెనక వైపు నుంచి బ్యారెల్‌లోకి వెలుతురు పెట్టి చూడండి. అటు చివర వెలుతురు గుండ్రంగా, పూర్తిగా కనిపించాలి. ఏ కాస్త అడ్డం ఉన్నా రాడ్‌తో తోసేదాకా ఆ గన్ కాల్చకూడదు.

దీనికంటే భయంకరమైంది ఇంకొకటి ఉంది, ఉత్తరంలో అడక్కపోయినా చెప్తా. గేజ్ అంటే గొట్టం కొలత, నంబరు పెరిగేకొద్దీ గొట్టం సన్నం. 12 గేజ్ గన్‌లో పొరపాటున 20 గేజ్ కార్ట్రిడ్జ్ పడితే అది చేంబర్‌లో (కార్ట్రిడ్జ్ కూర్చునే చోటు) ఆగదు, ముందుకి జారి బ్యారెల్ సన్నబడే చోట చిక్కుకుంటుంది. ట్రిగ్గర్ లాగితే టిక్ అంటుంది. అరె, లోడ్ చేయడం మర్చిపోయానే అనుకుని తెరిచి చూస్తారు, చేంబర్ ఖాళీగా కనిపిస్తుంది, ఇంకో 12 గేజ్ దాని వెనకాల పెడతారు. ఈసారి పేలుతుంది, ముందున్న దానితో కలిపి, సరిగ్గా ముందు చెయ్యి పట్టుకునే చోటికి దగ్గర్లో. 20 గేజ్ కార్ట్రిడ్జ్‌లు పసుపు రంగులో చేయడం అలవాటుగా వస్తున్నది ఇందుకే. రంగుని నమ్ముకుని కూర్చోకండి, జేబులో, వెస్ట్‌లో, బ్యాగులో ఒక్క గేజ్ మాత్రమే ఉండాలి, ఇంట్లో రెండు రకాల గన్‌లు ఉన్నవాళ్ళు బయల్దేరే ముందు జేబులు దులిపి చూసుకోవాలి.

ప్రశ్న: ట్రాప్‌తో మొదలుపెట్టాలా, స్కీట్‌తోనా?

జవాబు: మీకు దగ్గర్లో ఏది ఉంటే అది. రెండూ ఉంటే, అదృష్టవంతులు, తేడా చూసుకోండి. ట్రాప్‌లో క్లే మీకు ఎదురుగా కింద నుంచి లేచి దూరంగా పారిపోతుంది. ఒలింపిక్ ట్రాప్ అయితే మీ ముందు 15 మీటర్ల దూరంలో కందకం, అందులో 15 మెషిన్లు, ఒక్కో స్టేషన్‌కి మూడు, ఆ మూడిట్లో ఏది విసురుతుందో తెలీదు, క్లే 76 మీటర్ల దాకా వెళ్ళే స్పీడుతో వస్తుంది. అందుకే క్వాలిఫికేషన్‌లో ఒక్కో క్లేకి రెండు షాట్లు ఇస్తారు, ఫైనల్లో ఒక్కటే. స్కీట్‌లో రెండు ఇళ్ళు, ఒకటి ఎత్తుగా, ఒకటి పొట్టిగా, వాటి మధ్య అర్ధచంద్రాకారంలో ఏడు స్టేషన్లు, నడుమ ఎనిమిదోది. క్లే ప్రతిసారీ ఒకే దారిలో పోతుంది, మీరే చోటు మారుతూ ఉంటారు. దారి ముందే తెలుసు కాబట్టి స్కీట్ ఈజీ అనుకుంటారు, ఎదుటి ఒలింపిక్ షూటర్ గన్ నడుం దగ్గర పట్టుకుని, పుల్ అన్నాక సున్నా నుంచి మూడు సెకన్లలో ఎప్పుడైనా వచ్చే క్లే కోసం నిలబడటం చూస్తే ఆ మాట అనరు. నా ఓటు స్కీట్‌కే, ఎందుకంటే అన్ని కోణాలూ నేర్పుతుంది, తప్పెక్కడ జరిగిందో మళ్ళీ అదే క్లే మీద చూసుకోవచ్చు.

ప్రశ్న: క్లే మీంచి పొగలా దుమ్ము లేచింది, నలుగురం చూశాం. రిఫరీ మిస్ అన్నాడు. ఇదేం న్యాయం?

జవాబు: న్యాయమే. క్లే నుంచి కనీసం ఒక ముక్క ఊడి కంటికి కనిపించాలి, రూల్ అదే. ఒట్టి దుమ్ము లేస్తే లెక్కలోకి రాదు. మెషిన్లోంచే విరిగి వచ్చిందనుకోండి, అది నో టార్గెట్, మీరు కొట్టినా కొట్టకపోయినా మళ్ళీ విసరాల్సిందే.

ప్రశ్న: చోక్ గురించి ఒక వ్యాసం మొత్తం రాయండి సార్, ప్రతి స్టేషన్‌కీ మార్చాలంటున్నారు.

జవాబు: వ్యాసం రాయను. బ్యారెల్ చివర ఎంత బిగిస్తే పెల్లెట్లు అంత దూరం దాకా గుంపుగా పోతాయి. 40 గజాల దగ్గర 30 అంగుళాల వలయంలో బాగా బిగువైన ఫుల్ చోక్ సుమారు 70 శాతం పెల్లెట్లని పెడుతుంది, వదులైన ఇంప్రూవ్డ్ సిలిండర్ చోక్ 50 శాతం. దగ్గర్లో పగిలే స్కీట్‌కి వదులు, దూరంగా పగిలే ట్రాప్‌కి బిగువు, కొత్తవాళ్ళు ఇంప్రూవ్డ్ సిలిండర్ పెట్టి మర్చిపోండి. స్టీల్ పెల్లెట్లు వాడేటప్పుడు మాత్రం ఆ గన్, ఆ చోక్ స్టీల్‌కి పనికొస్తాయో లేదో చూసుకోవాలి, పాత ఫుల్ చోక్ బ్యారెళ్ళకి అవి ప్రమాదం.

ప్రశ్న: మాకు పదెకరాల ఖాళీ పొలం ఉంది. చేత్తో విసిరే త్రోయర్ కొనుక్కుని అక్కడే ప్రాక్టీస్ చేద్దామని నలుగురం అనుకుంటున్నాం.

జవాబు: చట్టం ఒప్పుకుంటుందా, లైసెన్సు ఆ చోటుకి వర్తిస్తుందా అన్నది ముందు తేల్చుకోండి, ఆ తర్వాతే మిగతావి. 7.5 నంబరు పెల్లెట్ పైకి కాలిస్తే 200 మీటర్ల దగ్గర్లో పడుతుంది, అందుకే రేంజ్‌లు కట్టేవాళ్ళు ముందు 275 మీటర్లు ఖాళీగా ఉంచుతారు, అదీ ఒక్క గీతలో కాదు, విసనకర్రలా విప్పుకున్న మొత్తం విస్తీర్ణం. పదెకరాలు అంటే చతురస్రంగా చూసినా పక్కకి 200 మీటర్లే. సరిపోదు. ఆ పైన ఏళ్ళ తరబడి నేలలో సీసం పేరుకుంటుంది. చాలా క్లేలు సున్నపురాయి పొడి, పిచ్ (తారు లాంటిది) కలిపి చేసినవి, కోల్ తార్ పిచ్ ఉన్న ముక్కలు తిని పందులు చచ్చిపోయిన దాఖలాలున్నాయి. మేతకి, సాగుకి వాడే నేల అయితే ఆలోచన మానుకోండి.

ప్రశ్న: ఇంట్లో చిన్న పాప ఉంది. సీసంతో భయం ఉందా?

జవాబు: ఉంది, జాగ్రత్తపడితే చాలు. పెల్లెట్లు ముట్టుకున్న చేతులు సబ్బుతో, చల్లని నీళ్ళతో కడుక్కున్నాకే ఏదైనా నోట్లో పెట్టండి. వెస్ట్, షూటింగ్ బట్టలు విడిగా ఉతకండి, షూస్ గుమ్మం బయటే. గన్ క్లీన్ చేసిన గుడ్డలు పాపకి అందే చోట పెట్టకండి. రేంజ్ నుంచి రాగానే ఎత్తుకోవాలనిపిస్తుంది, స్నానం చేసి ఎత్తుకోండి.

ప్రశ్న: ఆడవాళ్ళు, మగవాళ్ళు కలిసి పోటీ పడేవాళ్ళట, నిజమా?

జవాబు: నిజం. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ స్కీట్‌లో ఇద్దరికీ ఒకటే పోటీ, చైనా షూటర్ ఝాంగ్ షాన్ 225కి 223 కొట్టి మగవాళ్ళందర్నీ దాటి గోల్డ్ తీసుకుంది. తర్వాత ఏం చేశారో తెలుసా, 1996లో స్కీట్‌ని మగవాళ్ళకే ఉంచేశారు, ఛాంపియన్ తన టైటిల్ నిలబెట్టుకునే ఛాన్సే లేకుండా పోయింది. ఆడవాళ్ళ స్కీట్ 2000 సిడ్నీలో వచ్చింది. పోటీలు తీసేయడం, పెట్టడం ఈ ఆటలో మామూలే లెండి, 2004 ఏథెన్స్‌లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ సిల్వర్ గెలిచిన డబుల్ ట్రాప్ కూడా 2016 తర్వాత ఒలింపిక్స్‌లో లేదు.

ప్రశ్న: కాల్చిన ఖాళీ షెల్స్ ఎవరు ఏరాలి? నా సెమీ ఆటో పక్కవాళ్ళ కాళ్ళ దగ్గరికి విసిరేస్తోంది, తిట్టుకుంటున్నారు.

జవాబు: మీవి మీరే, కానీ రౌండ్ అయ్యాక. స్క్వాడ్ మధ్యలో వంగి ఏరితే పక్కవాళ్ళ చూపు చెదురుతుంది. షెల్ క్యాచర్ అని చిన్న క్లిప్ దొరుకుతుంది, గన్‌కి తగిలిస్తే షెల్ బయటికి ఎగరకుండా ఆపుతుంది, ముందు అది కొనుక్కోండి.